కోన్ల మధ్య బాగా ఆడే పిల్లలు మ్యాచ్‌లో ఎందుకు గుంపైపోతున్నారు?

ప్రశ్న: నేను ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగరం దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీని. అమ్మాయిల ఫుట్‌బాల్ టీమ్ చూసుకుంటున్నాను. మొత్తం 14 మంది. సగం మంది తెలుగు ఇళ్ల పిల్లలు, కొందరు ఒడియా వాళ్లు, నలుగురు కొండ ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న సవర పిల్లలు. రోజూ సాయంత్రం కోన్ల మధ్య డ్రిబ్లింగ్, ఇద్దరిద్దరుగా పాసింగ్, చివర్లో గ్రౌండ్ చుట్టూ రౌండ్లు చేయిస్తాను. పాసులు చక్కగా వేస్తారు, దమ్ము కూడా ఉంది. మ్యాచ్ మొదలైతే మాత్రం అందరూ బంతి చుట్టూ మూగిపోతారు. ఎవరికి ఇవ్వాలో తెలియక గట్టిగా తన్నేస్తారు. పోయిన నెల కొత్తూరు వైపు నుంచి వచ్చిన టీమ్‌తో ఫ్రెండ్లీ ఆడి 4-0తో ఓడిపోయాం. వాళ్లు మావాళ్ల కంటే వేగమైనవాళ్లేం కాదు. చిన్న చిన్న జట్లు చేసి ఆడిస్తే ఆట తెలివి వస్తుందని విని ఒకరోజు అలా చేయిస్తే, మా హెడ్‌మాస్టారు ‘కోచింగ్ మానేసి ఆటలాడిస్తున్నావేంటి’ అన్నారు. గ్రౌండ్ కూడా మాకు సగమే దొరుకుతుంది, మిగతా సగం క్రికెట్ వాళ్లది. నిజంగా దీనివల్ల ఉపయోగం ఉందా? ఉంటే ఎలా మొదలుపెట్టాలి? ఈ పిల్లల్లో కొందరికి కబడ్డీ కూడా నేనే నేర్పుతున్నాను. దానికీ పనికొస్తుందా?
– ఒక పీఈటీ, కాశీనగరం

సమాధానం: మాస్టారూ, మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట ‘వాళ్లు మావాళ్ల కంటే వేగమైనవాళ్లేం కాదు’ అన్నది. నాలుగు గోల్స్ తేడాతో ఓడిన రోజున కూడా ఆ సంగతి గమనించారంటే జబ్బు ఎక్కడుందో మీకు దాదాపు తెలిసినట్టే. మీ పిల్లలకు కాళ్ల పని వచ్చు. చుట్టూ చూడటం, చూసినదాన్ని బట్టి ఏం చేయాలో తేల్చుకోవడం రాలేదు. ఎలా వస్తుంది? కోన్ కదలదు, బంతి లాక్కోదు. ఎటు తిరగాలో మీరు ముందే చెప్పేశారు. ఇద్దరిద్దరుగా పాసింగ్ చేసేటప్పుడు ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్నే లేదు, ఎదురుగా ఉన్నది ఒక్కతే. పిల్ల తేల్చుకోవాల్సింది ఏమీ మిగలని చోట తేల్చుకోవడం అలవాటు కాదు. గట్టు మీద నిలబడి చేతులాడిస్తే వంశధారలో ఈత రాదు కదా.

కాబట్టి చిన్న జట్ల ఆటలు తప్పకుండా మొదలుపెట్టండి. అయితే జట్లు చిన్నవి చేసి బంతి విసిరేసినంత మాత్రాన తెలివి పెరగదు. ఆ విషయంలో మీ హెడ్‌మాస్టారి అనుమానాన్ని పూర్తిగా కొట్టిపారేయను. మ్యాచ్‌లో మీ పిల్లలు ఎక్కడ తడబడ్డారో ఆ చిక్కునే తీసుకొచ్చి చిన్న ఆటలో పెట్టాలి. ఏ రోజుకి ఏ చిక్కు అన్నది గ్రౌండ్‌లోకి దిగే ముందే మీ మనసులో స్పష్టంగా ఉండాలి. అలా ఉన్న రోజు అది కోచింగ్, లేని రోజు కాలక్షేపం.

హెడ్‌మాస్టారికి ముందు ఈ లెక్క చూపించండి. పెద్దవాళ్ల 90 నిమిషాల మ్యాచ్‌లో త్రోలు, ఫ్రీకిక్‌లు, ఆగిపోయిన సమయం పోగా బంతి నిజంగా ఆటలో ఉండేది సుమారు గంట. దాన్ని 22 మందికి సమంగా పంచినా ఒక్కొక్కరి కాలి దగ్గర బంతి ఉండేది 3 నిమిషాల లోపే. అదే బంతి ఆరుగురి మధ్యో ఎనిమిది మంది మధ్యో ఉంటే ప్రతి పిల్లకీ అది మూడు నాలుగు రెట్లు ఎక్కువగా అందుతుంది. అందిన ప్రతిసారీ ఒక నిర్ణయం తీసుకోవాలి. అందనప్పుడు కూడా దాక్కోవడానికి చోటుండదు. 11 మంది ఆటలో రైట్ బ్యాక్ (కుడివైపు వెనక కాచే పిల్ల) పది నిమిషాలు ఊరికే నిలబడినా ఎవరికీ తెలియదు, ముగ్గురి జట్టులో నిలబడితే వెంటనే గోల్ పడుతుంది.

ఇది కొత్తగా పుట్టిన ఫ్యాషన్ కూడా కాదు. 1982లోనే ఇంగ్లండ్‌లోని లాఫ్‌బరో యూనివర్సిటీలో బంకర్, థార్ప్ అనే ఇద్దరు అధ్యాపకులు, ముందు టెక్నిక్ నేర్పి చివర్లో ఆట ఆడించే పాత పద్ధతిని తిరగేశారు. పిల్లలు ముందు ఆటను అర్థం చేసుకోవాలి, అవసరం తెలిశాక టెక్నిక్ నేర్పాలి అన్నది వాళ్ల వాదన. నెదర్లాండ్స్ వాళ్లు నలుగురు నలుగురు ఆడే ఆటను దశాబ్దాల కిందటే పిల్లల శిక్షణకు పునాదిగా చేసుకున్నారు. జర్మనీ అయితే 2024-25 సీజన్ నుంచి 11 ఏళ్ల లోపు పిల్లలకు దేశమంతటా చిన్న జట్ల మ్యాచ్‌లనే తప్పనిసరి చేసింది. మీ అమ్మాయిలు ఆ వయసు దాటారు కాబట్టి వాళ్లు టోర్నమెంట్‌లో పెద్ద ఆటే ఆడాలి. కానీ ప్రాక్టీసులో చిన్న ఆటలు చిన్నపిల్లలకే పరిమితం కాదు, పెద్ద క్లబ్బుల ఆటగాళ్లు కూడా ఇవి ఆడుతూనే ఉంటారు.

ఇక పని మొదలుపెడదాం. మీ మొదటి చిక్కు గుంపు. దానికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే మంచి మందు నాలుగు గోల్స్ ఆట. హాకీ కోచ్‌గా పేరు తెచ్చుకుని తర్వాత ఫుట్‌బాల్ పిల్లల వైపు మళ్లిన హోర్స్ట్ వైన్ అనే జర్మన్ దీన్ని ‘ఫునీన్యో’ పేరుతో ప్రచారం చేశారు. 25 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు కొలిచి సున్నంతో గీత గీయండి. ఒక్కో చివర రెండేసి చిన్న గోల్స్, కుడి మూల దగ్గర ఒకటి, ఎడమ మూల దగ్గర ఒకటి. గోల్ వెడల్పు 2 మీటర్లు చాలు, మీ కోన్లే గోల్ పోస్టులు. గోల్‌కీపర్లు ఉండరు. గోల్‌కు 6 మీటర్ల ముందు ఒక గీత పెట్టండి, అది దాటాకే షాట్ కొట్టాలి, లేకపోతే దూరం నుంచి తన్నేస్తారు. ముగ్గురు ముగ్గురు ఆడతారు. మీ సగం గ్రౌండ్‌లో ఇలాంటివి రెండు పక్కపక్కనే పడతాయి. అంటే ఒకేసారి 12 మంది ఆడుతుంటారు. మిగిలిన ఇద్దరిని చెరో గ్రౌండ్‌లో ఒక జట్టుకు నాలుగో మనిషిగా ఇవ్వండి. ఎవరు గోల్ వేసినా, నలుగురున్న ఆ జట్టులో ఒకరు బయటికి, బయటున్నది లోపలికి. ఎవరూ రెండు మూడు నిమిషాలకు మించి కూర్చోరు.

దీని బలం ఎక్కడుందంటే, ముగ్గురూ బంతి దగ్గరికే పరిగెత్తితే అవతలి గోల్ ఖాళీ అయిపోతుంది. మొదటి రెండు రోజులు అలాగే పరిగెత్తుతారు, గోల్స్ పడతాయి. మీరు ఆపకండి, ‘విడిపోండి, విడిపోండి’ అని అరవకండి. ఓ పిల్ల తలెత్తి అటువైపు గోల్ ఖాళీగా ఉండటం చూస్తుంది. బంతిని అటు మళ్లిస్తుంది. ఆ మర్నాటికి ఇంకో పిల్ల బంతి రాకముందే అటు వెళ్లి నిలబడుతుంది. వెడల్పుగా నిలబడటం అనే పాఠం మీరు చెప్పకుండానే వచ్చేసింది. అదీ వాళ్లంతట వాళ్లు కనిపెట్టారు కాబట్టి మ్యాచ్ టెన్షన్‌లో కూడా మర్చిపోరు. వారంలో మూడు రోజుల చొప్పున రెండు వారాలు దీని మీదే ఉండండి. రోజుకో కొత్త ఆట పెట్టాలన్న ఆత్రం వద్దు. పిల్లలు ఆట నియమాలు నేర్చుకోవడంతోనే సరిపోతుంది, ఆట తెలివి దాకా రారు.

రెండో చిక్కు మీరు చెప్పిన ‘గట్టిగా తన్నేయడం’. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన స్కూలు టీములన్నిటిలో నేను చూసే లోపం ఇదే. పిల్లకు పాస్ వేయడం వచ్చు, ఎప్పుడు వేయాలో తెలియదు. దీనికి ఇద్దరు ఒకరి మీద ఆట పెట్టండి. పొడవు 15 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. ఇద్దరు దాడి చేస్తారు, ఒకరు అడ్డుకుంటారు. అవతలి గీత మీద బంతి ఆపితే పాయింట్. డిఫెండర్ బంతి లాక్కుని ఇవతలి గీత దాటిస్తే ఆమెకు రెండు పాయింట్లు. చూడటానికి చాలా తేలిక, ఇద్దరున్నారు కదా అనిపిస్తుంది. కానీ మొదట్లో సగం సార్లు ఓడిపోతారు. కారణం గమనించండి. బంతి ఉన్న పిల్ల డిఫెండర్ ఇంకా దూరంగా ఉండగానే భయపడి పాస్ ఇచ్చేస్తుంది. డిఫెండర్ బంతితోపాటే అటు జరుగుతుంది. ఇప్పుడు బంతి అందుకున్న పిల్ల ముందు అదే డిఫెండర్. పాస్ వల్ల ఏమీ మారలేదు. డిఫెండర్ తన మీదికి అడుగు వేసేదాకా బంతి ఉన్న పిల్ల ఆమె వైపే నడవాలి. ఆమె బరువు ముందు కాలి మీద పడ్డ క్షణంలో పాస్ వెళ్లాలి. అప్పుడు ఆమె తిరగలేదు, పక్కనున్న పిల్లకు దారి తెరుచుకుంటుంది. డిఫెండర్ అసలు ముందుకు రాకుండా పాస్ దారిలోనే నిలబడిందనుకోండి, పాస్ అక్కర్లేదు, తనే బంతి తీసుకుని వెళ్లిపోవాలి. రెండో పిల్లకూ పని ఉంది. డిఫెండర్ నీడలో దాక్కోకుండా బంతికీ తనకూ మధ్య ఖాళీ ఉండేలా పక్కకు జరగాలి, బంతి కంటే మరీ ముందుకు పోకూడదు. పాస్ రాకముందే డిఫెండర్లను దాటి గోల్ దగ్గర నిలబడకూడదనే ఆఫ్‌సైడ్ నియమం కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఇది కుదిరాక ముగ్గురు ఇద్దరి మీద, ఆ తర్వాత సమానంగా నలుగురు నలుగురు.

నలుగురి ఆటకు వచ్చేసరికి గ్రౌండ్ కొలత మీ చేతిలో పెద్ద పనిముట్టు. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉన్న పూర్తి మైదానంలో మనిషికి సుమారు 325 చదరపు మీటర్లు వస్తుంది. 30 మీటర్లు, 20 మీటర్ల గ్రౌండ్‌లో నలుగురు నలుగురు ఆడితే మనిషికి 75 మాత్రమే. ఆలోచించడానికి టైమ్ తక్కువ, ఒత్తిడి ఎక్కువ, తిరగడాలూ ఆగడాలూ ఎక్కువ. రెండు పాసులకే బంతి పోతోందా? పిల్లల్ని తిట్టవద్దు, గీత జరపండి. 36 మీటర్లు, 25 మీటర్లు చేస్తే మనిషికి 110 చదరపు మీటర్లు దాటుతుంది, ఊపిరి పీల్చుకునే చోటు దొరుకుతుంది. అప్పటికీ కష్టమైతే ఒక పిల్లకు వేరే రంగు గుడ్డ కట్టి, బంతి ఎవరి దగ్గరుంటే ఆ జట్టు తరఫున ఆడమనండి. ఎప్పుడూ ఒక మనిషి ఎక్కువ ఉంటుంది కాబట్టి పాస్ దారి దొరుకుతుంది. కుదురుకున్నాక ఆ పిల్లను తీసేయండి. ఈ పాత్రను మీ జట్టులో తెలివైన పిల్లకే రోజూ ఇవ్వకండి, భయపడే పిల్లకు ఇస్తే ఆమెకు మేలు.

నియమాల గురించి గట్టిగా ఒక మాట చెప్పాలి. చాలామంది కోచ్‌లు ‘రెండే టచ్‌లు’ అనో ‘మూడు పాసులు వేశాకే గోల్’ అనో పెడతారు. కొత్త పిల్లలకు ఈ రెండూ నాకు ఇష్టం లేదు. రెండు టచ్‌లంటే పిల్ల కంగారులో బంతిని వదిలించుకోవడం నేర్చుకుంటుంది. మీ పిల్లలకు ఇప్పటికే ఉన్న జబ్బు అదే. పైగా ఎదురుగా ఖాళీ ఉన్నా డ్రిబ్లింగ్ చేయలేదు. మూడు పాసుల నియమం పెడితే వెనకాల ఇద్దరు నిలబడి ఒకరికొకరు ఇచ్చుకుంటూ లెక్క పూర్తి చేస్తారు, గోల్ తెరిచి ఉన్నా చూడరు. నిషేధం కంటే బహుమతి మంచిది. ఉదాహరణకు ఒక వైపు నుంచి రెండో వైపుకు మళ్లించి వేసిన గోల్‌కు రెండు పాయింట్లు, లాక్కున్న ఆరు సెకన్ల లోపు వేసిన గోల్‌కు రెండు పాయింట్లు. మామూలు గోల్‌కూ విలువ ఉంటుంది కాబట్టి ఏది మేలో పిల్లే ఎంచుకుంటుంది. నియమం ఏదైనా రోజుకు ఒక్కటే.

బలమైన పిల్ల ఒక్కతే అందరినీ దాటుకుంటూ పోతే చిన్న ఆట పాడవుతుంది. అందుకు ఆమె కాళ్లు కట్టేయకండి. ఆమె జట్టుకు ముగ్గురినే ఇచ్చి అవతల నలుగురిని పెట్టండి. ప్రతి నాలుగు నిమిషాలకు జట్లు మార్చేసి, గెలిచిన జట్టులో ఉన్న ప్రతి పిల్ల పేరు పక్కన పాయింట్లు వేసుకోండి. వారం చివర పేరు పేరునా మొత్తం చూస్తే ఆశ్చర్యపోతారు. ఏ జట్టులో వేసినా ఆ జట్టును గెలిపించే పిల్ల ఒకతి బయటపడుతుంది, చాలాసార్లు ఆమె మీరు అనుకున్న స్టార్ అయి ఉండదు.

మీ నోటి సంగతి. నాలుగు నిమిషాల ఆట నడుస్తున్నంతసేపూ ‘బాగుంది’, ‘కానివ్వండి’ తప్ప ఇంకేమీ అనకండి. కోచ్ ఉత్సాహపరిస్తే ఆటగాళ్లు ఎక్కువ కష్టపడతారని పరిశోధనల్లో తేలింది, కాబట్టి మౌనవ్రతం అక్కర్లేదు. కానీ ‘అటు ఇవ్వు, ఇటు ఇవ్వు’ అంటే నిర్ణయం మళ్లీ మీదైపోయింది. తర్వాత రెండు నిమిషాల విశ్రాంతిలో నీళ్లు తాగుతుండగా ఒకే ప్రశ్న అడగండి: ‘బంతి నీకు వచ్చేముందు ఏం చూశావు?’ నార్వే పరిశోధకుడు గెయిర్ యోర్డెట్ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ మిడ్‌ఫీల్డర్ల వీడియోలు పరిశీలించి, బంతి అందకముందు భుజం మీదుగా ఎక్కువసార్లు వెనక్కీ పక్కలకూ చూసేవాళ్ల పాసులే ఎక్కువగా చేరుతున్నాయని చూపించారు. మీ ప్రశ్న ఆ అలవాటునే పెంచుతుంది. మొదట్లో ‘ఏమీ చూడలేదు సార్’ అంటారు. అదీ నిజాయితీ గల జవాబే, మెచ్చుకోండి.

మీ సవర పిల్లల గురించి నాకు ప్రత్యేకంగా పట్టింపు ఉంది. తెలుగులో, ఒడియాలో అడిగిన ప్రశ్నకు వాళ్లు తలూపి ఊరుకుంటే అర్థం కాలేదని అనుకోవద్దు. వాళ్ల భాషలోనే చెప్పనిచ్చి, తెలిసిన నేస్తం చేత చెప్పించుకోండి, లేదా నేల మీద గులకరాళ్లతో చూపించమనండి. ఆటలో పిలుపులు కూడా మీరు నిర్ణయించకండి. ‘వెనక మనిషుంది’, ‘తిరుగు, టైముంది’, ‘నాకివ్వు’ అనే మూడింటికి మూడు పొట్టి మాటలు పిల్లలనే కూర్చుని ఎంచుకోమనండి. ఏ భాషవైనా ఫర్వాలేదు, 14 మందీ అవే వాడాలి. మాట్లాడని జట్టు గుంపు కడుతుంది, ఎందుకంటే ఎవరు ఎక్కడున్నారో తెలియనప్పుడు అందరికీ తెలిసిన చోటు బంతి ఒక్కటే.

శరీరం విషయంలో రెండు జాగ్రత్తలు. నాలుగు నిమిషాల ఆట, రెండు నిమిషాల విశ్రాంతి, ఇలా నాలుగైదు సార్లు చేస్తే మీ రౌండ్ల అవసరం దాదాపు తీరిపోతుంది, గుండె బాగా పనిచేస్తుంది. ఎండాకాలంలో పొద్దున్నే పెట్టుకోండి. అయితే చిన్న గ్రౌండ్‌లో పిల్ల తన పూర్తి వేగాన్ని ఎప్పుడూ అందుకోదు, పది అడుగులు వేసేసరికి గీత వచ్చేస్తుంది. పెద్ద మ్యాచ్‌లో ఒక్కసారిగా 40 మీటర్లు పరిగెత్తాల్సి వస్తే తొడ వెనక కండరం పట్టేయొచ్చు. అందుకని వారానికి రెండుసార్లు వార్మప్ అయ్యాక 30-40 మీటర్ల పరుగులు నాలుగైదు, మధ్యలో పూర్తి విశ్రాంతితో చేయించండి. కార్నర్లు, గోల్‌కీపర్ పని, దూరపు పాసులు కూడా చిన్న ఆటల్లో రావు. టోర్నమెంట్‌కు రెండు మూడు వారాల ముందు క్రికెట్ వాళ్లను బతిమాలైనా సరే వారానికి ఒక రోజు పూర్తి గ్రౌండ్ తీసుకోండి. చిన్న గ్రౌండ్‌లో నేర్చుకున్న ఖాళీలు పెద్ద గ్రౌండ్‌లో ఎక్కడుంటాయో కళ్లు అలవాటు పడాలి. కోన్ల డ్రిల్స్ పూర్తిగా మానేయమని కూడా అనను. ఆటలో ఒక పిల్ల ఎడమ కాలితో పాస్ ఇవ్వలేక బంతి పోగొట్టుకుంటే, ఆ పిల్లకు పది నిమిషాలు ఎడమ కాలి పాసులు చేయించండి. ఎందుకు చేస్తోందో అప్పుడు ఆమెకే తెలుసు.

ఫలితం చూపమని హెడ్‌మాస్టారు అడిగితే స్కోరు చూపకండి, అది అవతలి జట్టును బట్టి ఉంటుంది. తర్వాతి ఫ్రెండ్లీలో బయట కూర్చున్న పిల్లకు కాగితం ఇచ్చి, మనం బంతి లాక్కున్న ప్రతిసారీ తర్వాతి పాస్ మనవాళ్లకే చేరిందా లేదా గీతలు పెట్టమనండి. ఇప్పుడొకసారి, ఆరు వారాల తర్వాత ఒకసారి. ఆ రెండు కాగితాలు ఆయన బల్ల మీద పెట్టండి.

కబడ్డీకి ఇది ఇంకా తేలికగా పనికొస్తుంది, ఎందుకంటే మ్యాచే సహజంగా చిన్న జట్లుగా మారుతూ ఉంటుంది. ఏడుగురితో మొదలై ముగ్గురు మిగిలే పరిస్థితి దాదాపు ప్రతి మ్యాచ్‌లో వస్తుంది, దాన్ని ప్రాక్టీస్ చేసేవాళ్లు తక్కువ. ముగ్గురు డిఫెండర్లను నిలబెట్టి రైడర్లను ఒకరి తర్వాత ఒకరిని 30 సెకన్ల లెక్కతో పంపండి. ఆరుగురు లేరు కాబట్టి బోనస్ గీత దాటినా పాయింట్ ఉండదు, ముట్టుకుంటేనే పాయింట్. అవతల ముగ్గురే ఉన్నారు కాబట్టి పట్టేస్తే సూపర్ టాకిల్, ఒక పాయింట్ ఎక్కువ. కార్నర్‌లో ఉన్న పిల్ల తొందరపడి చీలమండ మీదికి దూకితే మిగతా ఇద్దరూ చేరేలోపు రైడర్ మధ్య గీత దాటేస్తుంది. మిగతా ఇద్దరూ ఎంత దగ్గరికొచ్చాక దూకాలో ఆ ముగ్గురూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుని నేర్చుకోవాలి. పాయింట్ రాని రెండు ఖాళీ రైడ్లు అయిపోయాయి, మూడోది డూ ఆర్ డై (పాయింట్ తేకపోతే రైడరే ఔట్) అని చెప్పి రైడర్‌ను పంపితే రైడర్‌కూ డిఫెండర్లకూ పరీక్షే. కోర్టు వెడల్పు మొదట తగ్గించి డిఫెండర్లకు ధైర్యం ఇవ్వండి, వారం తర్వాత పూర్తి వెడల్పుకు తెచ్చేయండి. ఫుట్‌బాల్ ఆడిన రోజున మాత్రం అదే పిల్లల చేత మళ్లీ కబడ్డీ చేయించకండి, మోకాళ్ల మీద, చీలమండల మీద ఒకే రోజు రెండు భారాలు పడకూడదు.